హ్యారీ రైట్ (1835–1895): క్రికెట్ కొలువు నుంచి తొలి జీతాల బేస్‌బాల్ జట్టు దాకా

#1 స్కోరుబుక్

బేస్‌బాల్ పాత చరిత్ర అడిగితే చాలామంది 20వ శతాబ్దపు దిగ్గజ బ్యాటర్ బేబ్ రూత్ దగ్గర మొదలుపెడతారు. రూత్ పుట్టిన 1895లోనే కన్నుమూసిన హ్యారీ రైట్ గురించి ఈ దారం. క్రికెట్ తెలిసినవాళ్లకు ఇతని పని ఇట్టే అర్థమవుతుంది, ఎందుకంటే మనిషి వచ్చిందే క్రికెట్ నుంచి.

1835 జనవరి 10న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టాడు. తండ్రి సామ్యూల్ రైట్ క్రికెట్ ప్రొఫెషనల్. పిల్లవాడు పసివాడుగా ఉన్నప్పుడే కుటుంబం న్యూయార్క్ చేరింది. సెయింట్ జార్జ్ క్రికెట్ క్లబ్‌లో తండ్రికి కొలువు: మైదానం చూసుకోవాలి, సభ్యులకు బంతులు వేయాలి, ఆట నేర్పాలి. హ్యారీ కొన్నాళ్లు నగల పని నేర్చుకుని, చివరికి తండ్రి దారిలోనే అదే క్లబ్‌లో ప్రొఫెషనల్ అయ్యాడు. న్యూజెర్సీలోని హోబోకెన్‌లో నికర్‌బాకర్ క్లబ్ వాళ్లు బేస్‌బాల్ ఆడుతుంటే చూశాడు, 1858లో వాళ్లతో చేరాడు.

1865లో సిన్సినాటిలోని యూనియన్ క్రికెట్ క్లబ్ ఏడాదికి 1,200 డాలర్లిచ్చి పిలిపించుకుంది. అంటే ఆ ఊరు అతన్ని తెచ్చుకున్నది క్రికెట్ నేర్పడానికి. 1866లో అక్కడ బేస్‌బాల్ క్లబ్ పుట్టింది, కొద్దికాలంలోనే హ్యారీ అటు మారాడు. 1869లో జట్టులో ప్రతి ఒక్కరికీ బహిరంగంగా జీతమిచ్చి ఆడించిన సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ తయారైంది.

జీతాలు ఇవీ (పరుగు కోసం బ్యాటర్ చుట్టిరావాల్సిన నాలుగు చోట్లే బేసులు): సెకండ్, థర్డ్ బేసుల మధ్య నిలబడే ఫీల్డర్, అంటే షార్ట్‌స్టాప్, జార్జ్ రైట్ (హ్యారీ తమ్ముడు) 1,400. సెంటర్ ఫీల్డ్‌లో ఆడుతూ జట్టు నడిపిన హ్యారీ 1,200. పిచ్చర్ (బంతి వేసేవాడు) ఏసా బ్రెయినార్డ్ 1,100. థర్డ్ బేస్ ఫ్రెడ్ వాటర్‌మన్ 1,000. క్యాచర్ (వికెట్ కీపర్‌లా బ్యాటర్ వెనక నిలబడేవాడు) డగ్ ఆలిసన్, ఫస్ట్ బేస్ చార్లీ గూల్డ్, సెకండ్ బేస్ చార్లీ స్వీజీ, లెఫ్ట్ ఫీల్డ్ ఆండీ లెనర్డ్, రైట్ ఫీల్డ్ కాల్ మెక్‌వే తలా 800. అదనపు ఆటగాడు డిక్ హర్లీకి 600. మొత్తం 9,300 డాలర్లు. మార్చి 15 నుంచి నవంబర్ 15 వరకు ఒప్పందం. వీళ్లలో సిన్సినాటి మనిషి గూల్డ్ ఒక్కడే.

#2 కోనసీమ_కుర్రాడు

స్కోరుబుక్ గారూ, జీతాల పట్టీ పెట్టినందుకు థాంక్స్. ఒక ప్రశ్న. డబ్బు తీసుకుని ఆడిన మొదటివాడు హ్యారీయేనా? 1860ల మొదట్లోనే జిమ్ క్రైటన్‌కు బ్రూక్లిన్ వాళ్లు డబ్బిచ్చారని అంటారు కదా?

#3 పాతలెక్కలు

మొదట డబ్బు తీసుకున్నవాడు హ్యారీ కాదు. మొదట దాచకుండా, అందరికీ కలిపి ఒప్పందం మీద ఇప్పించిన జట్టు హ్యారీది. ఈ రెండూ వేరువేరు సంగతులు.

జిమ్ క్రైటన్ బ్రూక్లిన్ ఎక్సెల్సియర్స్‌కు 1860 నుంచి పిచ్చర్, 1862లో 21 ఏళ్లకే పోయాడు. అతనికి చాటుగా ముట్టిందన్నది నాటి నుంచీ ఉన్న మాట. 1865లో ఆల్ రీచ్ బ్రూక్లిన్ నుంచి ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌కు వెళ్లింది కూడా డబ్బుకే. కానీ జాతీయ సంఘం నిబంధన ప్రకారం ఆటకు డబ్బు తీసుకోవడం నిషేధం. అందుకని దొడ్డిదారులు తొక్కేవాళ్లు. గేటు వసూళ్లలో వాటా ఇవ్వడం ఒక దారి, పేరుకు ఏదో ఉద్యోగం చూపించడం ఇంకోటి. 1867లో జార్జ్ రైట్ వాషింగ్టన్ నేషనల్స్‌కు ఆడినప్పుడు అతన్ని ప్రభుత్వ గుమస్తాగా రాశారు. పనిచేసే చోటని ఇచ్చిన చిరునామాకు వెళ్లి చూస్తే అక్కడున్నది పార్కు.

1868 డిసెంబర్‌లో సంఘం ఆ నిషేధం ఎత్తేసింది. సిన్సినాటి క్లబ్ అధ్యక్షుడు ఆరన్ చాంపియన్, హ్యారీ కలిసి ఆ సందు దొరకగానే మొత్తం జట్టును జీతాల మీదకు తెచ్చారు.

జీతం బహిరంగం కావడంతో మారిందేమిటంటే జవాబుదారీ. చాటుగా డబ్బిచ్చే క్లబ్, ఆటగాడు ప్రాక్టీస్‌కు రాకపోతే గట్టిగా అడగలేదు. కాగితం మీద ఒప్పందం ఉంటే అడగొచ్చు, జరిమానా వేయొచ్చు. హ్యారీ పద్ధతి అంతా దీని మీదే నిలబడింది.

#4 మిడ్‌ఆఫ్

ఆ పద్ధతి గురించి కాస్త వివరంగా రాస్తాను. అప్పటి నియమాలు పక్కన పెట్టుకుని చదవకపోతే అతను చేసిందేమిటో తెలియదు.

పిచ్చర్ 45 అడుగుల దూరం నుంచి చెయ్యి కిందుగా ఊపి వేయాలి. (50 అడుగులు 1881లో, ఇప్పటి 60 అడుగుల 6 అంగుళాలు 1893లో వచ్చాయి.) బంతి ఎక్కడ కావాలో బ్యాటర్ అడగొచ్చు. అంపైర్ ముందు హెచ్చరించి ఆ తర్వాతే బాల్ (చెడ్డ బంతి), స్ట్రైక్ (బ్యాటర్ వదిలేసిన మంచి బంతి లేదా తగలని ఊపు) లెక్కపెట్టేవాడు. ఫౌల్ బంతిని, అంటే ఫస్ట్, థర్డ్ బేసుల గీతల బయటికి కొట్టినదాన్ని, ఒక్క గెంతు తర్వాత పట్టినా అవుటే. గ్లవ్స్ లేవు, క్యాచర్‌కు ముసుగు లేదు. కాబట్టి బంతి బ్యాట్‌కు తగలడం ఖాయం, పరుగులు ఆపాల్సింది ఫీల్డింగే.

హ్యారీ అక్కడే పట్టుకున్నాడు. క్రికెట్‌లో త్రో వచ్చేటప్పుడు వికెట్ వెనక ఇంకొకడు నిలబడతాడు కదా, అదే అలవాటును బేసులకు తెచ్చాడు. ఫస్ట్ బేస్‌కు త్రో వెళ్తుంటే రైట్ ఫీల్డర్ పరుగెత్తి గూల్డ్ వెనక్కి రావాలి. సెకండ్ బేస్‌కు వెళ్తుంటే సెంటర్ ఫీల్డర్. ఉత్త చేతులతో పట్టే రోజుల్లో త్రోలు జారడం మామూలు. వెనక మనిషి లేకపోతే జారిన ఒక్క బంతికి రెండు బేసులు పోతాయి, ఉంటే ఒకటితో సరి.

మ్యాచ్‌కు ముందు అతను బ్యాట్‌తో బంతులు కొట్టి బయటి ఫీల్డర్లకు వరసగా క్యాచ్‌లు ఇచ్చేవాడు. ఎత్తు క్యాచ్‌కు ఇద్దరు పరుగెత్తి గుద్దుకోకుండా ఒకడి పేరు గట్టిగా పిలవడం కెప్టెన్ పని.

#5 బేస్‌లైన్

మిడ్‌ఆఫ్ అన్నా, సెంటర్ ఫీల్డ్ సంగతి వదిలేశావు. కెప్టెన్ అక్కడెందుకు నిలబడ్డాడన్నదే అసలు తెలివి.

ఆ రోజుల్లో మ్యాచ్ మధ్యలో కొత్త ఆటగాణ్ణి దించడానికి లేదు. దెబ్బ తగలాలి, లేదా ఎదుటి జట్టు ఒప్పుకోవాలి. ఇష్టమొచ్చినట్టు మార్చుకునే వీలు 1891లో గానీ రాలేదు. కాబట్టి పిచ్చర్‌ను మార్చాలంటే రెండో పిచ్చర్ అప్పటికే మైదానంలో ఎక్కడో ఒకచోట ఆడుతుండాలి. హ్యారీయే ఆ రెండో పిచ్చర్. బ్రెయినార్డ్ వేగం బ్యాటర్లకు అలవాటు పడిందనిపించగానే ఇద్దరూ స్థానాలు మార్చుకునేవాళ్లు. హ్యారీ వేసేది బాగా నెమ్మది బంతి, గాల్లో తేలుతూ వస్తుంది. వేగానికి చేతులు సెట్ చేసుకున్నవాడు తొందరపడి ముందే ఊపేస్తాడు, బంతి గాల్లోకి లేస్తుంది, కింద మనవాడు ఉంటాడు. క్రికెట్‌లో స్లో బౌలర్‌ను ఎప్పుడు తేవాలో తెలిసిన మనిషి పని ఇది.

క్యాచర్ సంగతీ చెప్పాలి. బేసుల మీద ఎవరూ లేకపోతే వెనక దూరంగా నిలబడి గెంతు మీద పట్టేవాడు. రన్నర్ ఉన్నప్పుడు మాత్రం బ్యాటర్ వెనక్కి దగ్గరగా రావాలి, లేకపోతే ఆ రన్నర్ బేసు దొంగిలిస్తాడు, అంటే బంతి కొట్టకముందే తర్వాతి బేసుకు పరుగెత్తేస్తాడు. దగ్గరగా నిలబడితే వేళ్లు పోతాయి. 1870 నాటికి ఆలిసన్ చేతులు ఎంత దెబ్బతిన్నాయంటే జింకతోలు తొడుగులు వేసుకుని ఆడాడు. ప్రొఫెషనల్ ఆటలో గ్లవ్ గురించి దొరికే తొలి ప్రస్తావనల్లో ఇదొకటి.

#6 గోదారిగట్టు

1869లో 57కి 57 గెలుపులు అని కొన్నిచోట్ల, ఒక డ్రా ఉందని కొన్నిచోట్ల ఉంది. ఏది నిజం? జార్జ్ ఆ ఒక్క ఏడాదిలో 49 హోమ్ రన్లు (ఒక్క దెబ్బతో నాలుగు బేసులూ చుట్టేయడం) కొట్టాడన్నదీ నమ్మశక్యంగా లేదు.

#7 పాతలెక్కలు

రెండు లెక్కలూ సరైనవే, గీత ఎక్కడ గీశారన్నదే తేడా. 57 గెలుపులు జాతీయ సంఘంలో సభ్యులైన క్లబ్‌ల మీద. ఊళ్లలో ఆడిన ప్రదర్శన మ్యాచ్‌లు ఇందులో లేవు. తగువంతా ఆగస్టు 26న ట్రాయ్ హేమేకర్స్‌తో ఆట గురించి. స్కోరు 17–17 ఉండగా ఒక ఫౌల్ క్యాచ్ మీద గొడవ లేచింది, ట్రాయ్ అధ్యక్షుడు జట్టును తీసుకుని వెళ్లిపోయాడు. అంపైర్ ఆటను సిన్సినాటికి ఇచ్చాడు. ట్రాయ్ మీద భారీగా పందేలు కాసినవాళ్లు డబ్బు పోకుండా ఆట చెడగొట్టించారన్న ఆరోపణ అప్పుడే వచ్చింది. డ్రాగా రాసేవాళ్లు స్కోరును చూస్తారు, గెలుపుగా రాసేవాళ్లు అంపైర్ తీర్పును చూస్తారు. నా ఓటు అంపైర్‌కే. ఓడేలా ఉన్నప్పుడు లేచిపోతే డ్రా ఇస్తామంటే ఏ ఆటా పూర్తి కాదు.

49 హోమ్ రన్లు నాటి లెక్కల్లో ఉన్నవే. కానీ కంచె దాటిన బంతులనుకోవద్దు. చాలా మైదానాల్లో బయటి ఫీల్డ్‌కు హద్దు లేదు, బంతి దొర్లుతూ పోతే రన్నర్ నాలుగు బేసులూ తిరిగేస్తాడు. ఎదుట చిన్న ఊళ్ల ఔత్సాహిక జట్లు. పైగా అప్పటి బంతిలో రబ్బరు ఎక్కువ, నేల మీద పడితే బాగా లేచేది. హ్యారీ కూడా 1867లో కెంటకీలోని న్యూపోర్ట్‌లో ఒకే మ్యాచ్‌లో 7 హోమ్ రన్లు కొట్టాడు. ఈ అంకెలను నేటి అంకెల పక్కన పెట్టకూడదు. నన్నడిగితే 1869 జూన్ 15న న్యూయార్క్‌లో మ్యూచువల్స్‌ను 4–2తో ఓడించడం వీటన్నిటికంటే గొప్ప. రెండంకెల స్కోర్లు మామూలుగా ఉన్న కాలంలో అంత తక్కువ పరుగులంటే ఇరువైపులా ఫీల్డింగ్ ఎలా ఉందో ఊహించుకోండి.

#8 బేస్‌లైన్

ఓడిన మ్యాచ్ గురించి రాయకపోతే దారం పూర్తి కాదు. 1870 జూన్ 14, బ్రూక్లిన్‌లోని కాపిటోలిన్ గ్రౌండ్స్, ప్రత్యర్థి అట్లాంటిక్స్.

తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి 5–5. అట్లాంటిక్స్‌కు డ్రా చాలు, జనం మైదానంలోకి వచ్చేశారు. ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకుంటేనే డ్రా, లేకపోతే ఆట సాగాలి అన్నది నియమం. హ్యారీ ఒప్పుకోలేదు. నియమావళి పెద్ద హెన్రీ చాడ్విక్ అక్కడే ఉన్నాడు, ఆయనా అదే చెప్పాడు. ఆట కొనసాగింది.

పదో ఇన్నింగ్స్‌లో జార్జ్ చేసిన పని చూడండి. ఫస్ట్, సెకండ్ బేసుల మీద అట్లాంటిక్స్ రన్నర్లు ఉన్నారు. షార్ట్‌స్టాప్ వైపు తేలిక క్యాచ్ లేచింది. పడతాడనుకుని రన్నర్లు బేసులు వదల్లేదు. జార్జ్ కావాలనే బంతిని నేలకు వదిలి అందుకున్నాడు. క్యాచ్ కాలేదు కాబట్టి బ్యాటర్ ఫస్ట్‌కు వస్తాడు, అతనికి చోటివ్వడానికి రన్నర్లిద్దరూ ముందుకు పరుగెత్తక తప్పదు. థర్డ్‌కు విసిరాడు, అక్కణ్నుంచి సెకండ్‌కు, ఇద్దరూ అవుట్. ఈ కిటుకును ఆపడానికే 1890ల్లో ఇన్‌ఫీల్డ్ ఫ్లై నియమం తెచ్చారు: అలాంటి క్యాచ్ లేవగానే బ్యాటర్ అవుటైనట్టు అంపైర్ ప్రకటిస్తాడు, రన్నర్లకు బలవంతం ఉండదు.

పదకొండులో సిన్సినాటి రెండు పరుగులు తీసి 7–5 చేసింది. తర్వాత జో స్టార్ట్ కొట్టిన బంతి రైట్ ఫీల్డ్‌లో జనంలోకి పోయింది. అప్పటి నియమంలో జనంలో పడ్డా బంతి ఆటలోనే ఉన్నట్టు. మెక్‌వే దాన్ని తీసేలోపు ఒక పరుగు వచ్చింది, స్టార్ట్ థర్డ్ చేరాడు. కుడిచేత్తో ఆడే బాబ్ ఫెర్గూసన్, జార్జ్ వైపు బంతి వెళ్లకూడదని, ఎడమ చేతివాటం తీసుకుని కొట్టాడు. 7–7. ఆ తర్వాత బంతి గూల్డ్ చేతిలోంచి జారింది, కంగారులో సెకండ్‌కు విసిరింది గతి తప్పింది, ఫెర్గూసన్ ఇంటికొచ్చేశాడు. 8–7.

హ్యారీ డ్రాకు ఒప్పుకుని ఉంటే అజేయ రికార్డు నిలిచేది. ఒప్పుకోకపోవడమే నాకు అతని మీద గౌరవం.

#9 కోనసీమ_కుర్రాడు

అన్నా, ఆ ఓటమి తర్వాత జట్టు ఎందుకు కూలిపోయింది? ఒక్క మ్యాచ్‌కే అంత జరుగుతుందా?

#10 స్కోరుబుక్

ఒక్క మ్యాచ్ వల్ల కాదు, డబ్బు వల్ల. 1869లో మే నెలలో ఖండం దాటే రైలుమార్గం పూర్తయింది, సెప్టెంబర్ నాటికి వీళ్లు దాని మీద శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లి ఆడొచ్చారు. జూన్‌లో అధ్యక్షుడు గ్రాంట్ శ్వేతసౌధంలో కలిశాడు. సుమారు 12,000 మైళ్ల ప్రయాణం, ఊరూరా జనం. అంతా అయ్యాక క్లబ్‌కు మిగిలిన లాభం 1 డాలరు 39 సెంట్లు. రైలు టికెట్లు, హోటళ్లు, జీతాలు వసూళ్లను మొత్తం మింగేశాయి. 1870లో గెలుపుల వరస తెగేసరికి జనం పలచబడ్డారు, ఆటగాళ్లు ఎక్కువ జీతాలు అడిగారు. క్లబ్ కొత్త పెద్దలు చేతులెత్తేసి, ఇక జీతాలిచ్చేది లేదని ప్రకటించారు.

దాన్నుంచి హ్యారీ నేర్చుకున్నదే 1871లో బాస్టన్‌లో కొత్త క్లబ్ కట్టి అమలు చేశాడు. ప్రవేశ రుసుము 50 సెంట్లు ఉండాలని పట్టుబట్టాడు. చాలాచోట్ల 25 ఉండేది. 1871లో మొదలైన ప్రొఫెషనల్ నేషనల్ అసోసియేషన్‌లో చేరడానికి క్లబ్ కట్టాల్సింది 10 డాలర్లే, పోటీల పట్టిక తయారుచేసేవాళ్లు లేరు. ఏ మ్యాచ్ ఎప్పుడో క్లబ్‌లు ఉత్తరాలు రాసుకుని కుదుర్చుకోవాలి. డబ్బు తక్కువున్న క్లబ్ సొంత ఊళ్లో ఆడించుకుని, తిరుగు ప్రయాణం ఎగ్గొట్టేది. అలా ఎగ్గొట్టిన ప్రతి మ్యాచ్‌కూ అవతలి క్లబ్ గేటు వసూలు పోయినట్టే. హ్యారీ రాసుకున్న ఉత్తరాల ప్రతులు, ఖాతా పుస్తకాలు, దినచర్య నోటు పుస్తకాలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి. 1876లో ఆ అసోసియేషన్ స్థానంలో నేషనల్ లీగ్ వచ్చింది, అది స్వయంగా పట్టిక వేసి ఇవ్వడం 1877లో మొదలైంది.

#11 మిడ్‌ఆఫ్

బాస్టన్ ఫలితాలు: 1872 నుంచి 1875 వరకు వరసగా నాలుగు టైటిళ్లు, నేషనల్ లీగ్‌లో 1877, 1878. చివరి అసోసియేషన్ సీజన్ 1875లో 71 గెలుపులు, 8 ఓటములు. 1876లో స్పాల్డింగ్, బార్న్స్, మెక్‌వే, వైట్ నలుగురూ షికాగో వెళ్లిపోయారు, ఆ ఏడాది బాస్టన్ నాలుగో స్థానం. మళ్లీ జట్టు కట్టి వెంటవెంటనే రెండు గెలిచాడు. ఆరు టైటిళ్లలో నాకు బరువైనవి ఆ చివరి రెండే.

రాస్ బార్న్స్ మాట వచ్చింది కాబట్టి ఫెయిర్–ఫౌల్ దెబ్బ గురించి రెండు ముక్కలు. బంతి మొదట నేల తాకింది ఫౌల్ గీత లోపలైతే, తర్వాత బయటికి పోయినా చెల్లేది. బార్న్స్ బ్యాట్‌ను కిందికి కోసి, బంతిని లోపల నేలకు కొట్టి గీత బయటికి దొర్లించేవాడు. దాన్ని ఆపడానికి థర్డ్ బేస్‌మన్ గీతకు అతుక్కుని నిలబడాలి, అప్పుడు షార్ట్‌స్టాప్‌కు, అతనికి మధ్య సందు పడుతుంది. 1877లో నియమం మార్చారు. 1876లో .429 సగటు (వెయ్యి అవకాశాలకు 429 హిట్ల లెక్క) కొట్టిన బార్న్స్ 1877లో .272కు పడిపోయాడు. అందరూ నియమం మీదకు తోసేస్తారు గానీ ఆ ఏడాది అతను జబ్బుపడ్డాడు కూడా.

#12 గోదారిగట్టు

1874 ఇంగ్లండ్ యాత్ర ఎవరూ రాయలేదేం? క్రికెట్ వాళ్లకు పనికొచ్చేది అదే.

బాస్టన్, ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ కలిసి వెళ్లి లివర్‌పూల్ నుంచి లార్డ్స్ దాకా ఆడి చూపించారు. హ్యారీ పుట్టిన షెఫీల్డ్‌లోనూ ఆడారు. జనం రావాలంటే క్రికెట్ కూడా ఆడతామని ముందుగా వెళ్లిన స్పాల్డింగ్ మాటిచ్చాడు. తీరా జట్టులో క్రికెట్ సరిగ్గా వచ్చింది రైట్ సోదరులకూ ఇంకో కొద్దిమందికీ. అయినా 7 క్రికెట్ మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడలేదు. కారణం అంకెలో ఉంది: ఎదుట 11 మంది, వీళ్లు 18 మంది. ఉత్త చేతులతో రోజూ బంతి పట్టేవాళ్లు 18 మంది మైదానం నిండా ఉంటే పరుగెక్కడ వస్తుంది? యాత్రకు డబ్బు మాత్రం నష్టమే.

#13 పాతలెక్కలు

చివరి ఏళ్లు క్లుప్తంగా. 1882–83 ప్రావిడెన్స్, 1884 నుంచి 1893 దాకా ఫిలడెల్ఫియా జట్లను నడిపాడు. 1890లో చూపు పోయి కొన్ని వారాలు జట్టుకు దూరమయ్యాడు, మళ్లీ కోలుకున్నాడు. పదవి పోయాక నేషనల్ లీగ్ అంపైర్ల పెద్దగా పెట్టుకుంది. 1895 అక్టోబర్ 3న అట్లాంటిక్ సిటీలో న్యుమోనియాతో పోయాడు. మరుసటి ఏప్రిల్ 13న ఊరూరా మ్యాచ్‌లు ఆడి, వచ్చిన డబ్బుతో ఫిలడెల్ఫియా శివారు వెస్ట్ లారెల్ హిల్ శ్మశానంలో విగ్రహం పెట్టారు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో తమ్ముడు జార్జ్‌కు 1937లోనే చోటు దొరికింది, హ్యారీకి 1953 దాకా దొరకలేదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. ఆటగాడి అంకెలు పట్టికలో కనబడతాయి. మైదానం నడిపినవాడి పని కనబడదు.

ఇంకోటి. ఇప్పటి సిన్సినాటి రెడ్స్ ఆ జట్టుకు వారసులు కారు, వాళ్ల క్లబ్ 1882లో పుట్టింది. 1871లో హ్యారీ బాస్టన్‌లో కట్టిన క్లబ్ మాత్రం తెగకుండా నడుస్తోంది. 1953లో మిల్వాకీకి, 1966లో అట్లాంటాకు మారింది, ఇప్పటి పేరు బ్రేవ్స్. అట్లాంటాలో ఉండి బ్రేవ్స్ మ్యాచ్‌లకు వెళ్లే మన తెలుగువాళ్లు చూస్తున్నది హ్యారీ రైట్ జట్టునే.

#14 కోనసీమ_కుర్రాడు

1869 స్కోరు పట్టికలు స్కాన్ చేసినవి చూస్తున్నాను. పేరు పక్కన ఓ, ఆర్ అని రెండే వరసలు. హిట్లు, ఎర్రర్లు లేవు. ఎలా చదవాలి సార్?

#15 స్కోరుబుక్

ఓ అంటే ఆ బ్యాటర్ ఎన్నిసార్లు అవుటయ్యాడో, ఆర్ అంటే ఎన్ని పరుగులు చేశాడో. ఇక్కడ అవుట్ అంటే బ్యాటింగ్‌లోనే కాదు, బేసుల మధ్య దొరికినా అతని ఖాతాలోనే పడుతుంది. ఓ తక్కువ, ఆర్ ఎక్కువ ఉన్నవాడు ఆ రోజు బాగా ఆడినట్టు.

సరిచూసే పద్ధతి: తొమ్మిది ఇన్నింగ్స్ పూర్తయిన మ్యాచ్‌లో ఇన్నింగ్స్‌కు మూడు అవుట్ల చొప్పున ప్రతి జట్టు 'ఓ' వరస మొత్తం 27 రావాలి. గెలుపు ఖాయమైనా చివరి సగం ఆడేవాళ్లు కాబట్టి ఇద్దరికీ 27. రాకపోతే ముద్రణలో ఏదో అంకె తప్పు. అప్పుడు కింద ఇన్నింగ్స్‌వారీగా ఇచ్చిన పరుగులు కూడి, ఆర్ మొత్తంతో పోల్చు. అది సరిపోతే తప్పు 'ఓ' వరసలోనే ఉంది, అదే మ్యాచ్‌కు ఇంకో పత్రిక వేసిన పట్టిక పక్కన పెట్టుకుని ఒక్కో పేరూ చూసుకుంటూ పో.